చీటీ తీసే చిలుక

లింగన్న పంజరం అడుగున ఎండిన రెట్టను రేకుముక్కతో గీకుతున్నాడు. చిలుక కొయ్య మీద కూర్చుని, మెడ వంచి, అతని చేతినే చూస్తోంది. అతను దాని వైపు చూడలేదు. అది వచ్చిన రోజు నుంచీ చూడలేదు.

నగర్తపేటలో జోస్యం చెప్పేవాడి దగ్గర అటవీశాఖ వాళ్లు పట్టుకుని ఈ పక్షుల సంరక్షణ కేంద్రానికి తెచ్చిన చిలుక అది. కత్తిరించిన ఈకలు రాలి కొత్తవి వచ్చాయి. ఎగరగలదు. కానీ తలుపు తీస్తే బయటికి నడిచి, నేల మీద దొరికిందేదో ముక్కున కరిచి, మనిషి కాళ్ల దగ్గర పెట్టి, వడ్లగింజ కోసం ఆగుతుంది. ఆపైన తనంతట తానే పంజరంలోకి వెళ్లిపోతుంది. దానికి నేర్పిన చదువు అంతే.

"ఈరోజు కూడా లోపలికే వెళ్తే ఇక వదలలేం లింగన్నా. బతికినన్నాళ్లూ ఇక్కడే," అంది డాక్టర్ ఛాయాదేవి. "ఎవరూ గింజ వేయొద్దు. ముద్దు చేయొద్దు."

అతనికి ఆ మాట చెప్పనక్కర్లేదు. కేంద్రంలో తోటపని చేసుకునేవాణ్ని ఈ పనికి పెట్టిందే అందుకు. వంటవాడు దొడ్డప్ప చాటుగా గింజలు వేసేవాడు. లింగన్న వేయడు.

తొంభై ఏడులో అతని భార్య మల్లమ్మ రొమ్ములో గడ్డ తేలినప్పుడు ఇలాంటి చిలుకే ఒకటి చీటీ తీసింది. వెంకటేశ్వరుడి బొమ్మ వచ్చింది. "ఒంటి మీద కత్తి పడకూడదమ్మా, దానంతటదే కరిగిపోతాది," అన్నాడు జోస్యగాడు. ఆపరేషనుకు రమ్మని లింగన్న బతిమాలాడు, తిట్టాడు, చెయ్యెత్తాడు. ఆమె చీటీనే నమ్మింది. గడ్డ అలాగే ఉంది, మల్లమ్మే కరిగిపోయింది. జోస్యగాణ్ని అతను క్షమించలేదు. చిలుకనూ క్షమించలేదు. నమ్మినందుకు మల్లమ్మనూ క్షమించలేదు.

పంజరాన్ని తీసుకెళ్లి కానుగ తోపులో దించాడు. పైన అడవి చిలుకల గుంపు గోల చేస్తోంది. ఛాయాదేవి ఒక చెట్టు చాటున నిలబడింది. దొడ్డప్ప వెంటే వచ్చాడు.

"ఏమప్పా, నీ జాతకం చెప్పించుకుంటావా?"

లింగన్న పంజరం తలుపు పైకి లాగాడు.

చిలుక దిగింది. అటూ ఇటూ నడిచి, ఎండిన కానుగాకు ఒకటి ఎంచుకుంది. తెచ్చి అతని కాళ్ల దగ్గర పెట్టింది. తలెత్తి చూసింది.

"పాపం, ఎట్ల చూస్తా ఉండాదో! సుమ్నే, ఊరికే ఒక గింజ ఎయ్యప్పా."

"నోరు మూసుకో."

గీకిన రేకుముక్క ఇంకా లింగన్న పిడికిట్లోనే ఉంది. చిలుక ఆగింది. గింజ రాలలేదు. వెనక్కి తిరిగి, ఏ తొందరా లేకుండా, పంజరం వైపు నడిచింది. ఛాయాదేవి తల దించుకుంది. చిలుక ఒక కాలు గడప మీద పెట్టబోయింది.

లింగన్న తలుపును కాలితో కిందికి తన్నాడు.

"లింగన్నా!" ఛాయాదేవి కేక వేసింది.

చిలుక ఊచలు కొరికింది. పంజరం చుట్టూ తిరిగి మరో దారి వెతికింది. దారి లేక మళ్లీ అతని వైపే చూసింది.

"లోపల నీకేముండాదే?" లింగన్న అరిచాడు. "చెప్తే ఇనవా? పో! పో!" చేతిలోని రేకుముక్కను పంజరం మీదికి విసిరాడు.

రేకు ఖంగుమంది. చిలుక లేచింది. ఒక కొమ్మకు తగిలి, తూలి, పై కొమ్మ పట్టుకుంది. కాసేపటికి గుంపు కదిలింది. చిలుక కూడా దానితోపాటే కదిలింది. ఆ పచ్చదనంలో ఏది ఏదో ఇక తెలియలేదు.

"నీ చీటీ ఆడ్నే ఉండాది," అన్నాడు దొడ్డప్ప మెల్లగా. "తిప్పి చూసుకోప్పా."

లింగన్న ఖాళీ పంజరం భుజానికెత్తుకుని వెళ్లిపోయాడు. అతను నిలబడిన చోట, ముక్కు గాటు పడిన కానుగాకు బోర్లా పడి ఉంది.