పెద్దమ్మ నేర్పిన భయం

విదేశంలో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్తున్నానని టైలరమ్మ నోరు జారడమే తప్పయిపోయింది. అంతవరకూ ప్యాంట్లు పొట్టి చేయించుకోవడానికీ, గౌన్లు వదులు చేయించుకోవడానికీ వచ్చి, పని కాగానే తమ దారిన తాము పోయే జనమంతా ఆ రోజు నుంచీ కుట్టుమిషను పక్కన బైఠాయించి ఆమెకి పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు.

"అక్కడ కమోడ్‌లోంచి పాము తల పైకెత్తుతుందట టైలరమ్మా!" అంది బ్యాంకు క్లర్కు.

"పాము నయం కదమ్మా, కంటికి కనబడి ఛస్తుంది. బూట్లో సాలీడు దూరిందనుకో, కాలు పెట్టామా, ఇక అంతే సంగతులు" అన్నాడు మందుల షాపాయన. పైగా ఫోను చేతికిచ్చి వీడియోలు కూడా చూపించాడు.

వీళ్ళలో ఒక్కరైనా ఆ దేశం మొహం చూశారా అంటే, ఎక్కడ! పక్క ఊరి బస్సెక్కితేనే వాంతులు చేసుకునే మనుషులు. అయినా సరే, వాళ్ళు ఆవిడ బుర్రలోకి ఎక్కించాల్సిందంతా ఎక్కించేశారు. విమానం దిగిన టైలరమ్మ నేల మీద అడుగు పెట్టడానికి కూడా జంకింది.

వెళ్ళింది షికారుకి కాదు. చెల్లెలు అక్కడ ఒక ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికే పెద్ద మిషన్ల దగ్గర పనిచేస్తోంది. మొగుడు పోయాక కూతుర్ని ఒంటిచేత్తో పెంచుకొస్తోంది. ఇప్పుడు షిఫ్టు మార్చారు. పిల్ల నిద్ర లేచేసరికి తను డ్యూటీలో ఉండాలి. "పిల్లని చూసుకోవడానికి మనిషి దొరికేదాకా రావే అక్కా" అంది. చిన్నప్పటి నుంచీ నోరు తెరిచి ఒక్కటీ అడగని చెల్లెలు. టైలరమ్మ కొట్టుకి తాళం వేసి వచ్చేసింది. చెల్లెలికి ఈ లోకంలో మిగిలిందల్లా ఆ పిల్లే. ఆ పిల్లని చేతిలో పెట్టి వెళ్తోందంటే మాటలా!

పిల్లకి ఆరేళ్ళు. ముద్దుపేరు పిచ్చుక. పేరుకి తగ్గట్టే ఒక్క క్షణం ఒక్కచోట నిలవదు. వట్టికాళ్ళతో పెరడంతా తిరిగేది. రాళ్ళు తిరగేసి కింద ఏముందో చూసేది. వంటింటి అలమర వెనక అరచేతంత సాలీడు ఒకటి కాపురం ఉండేది. దానికి 'వాచ్‌మన్' అని పేరు పెట్టుకుంది. "మా వాచ్‌మన్ దోమల్ని లోపలికి రానివ్వడు పెద్దమ్మా" అని మొదటిరోజే పరిచయం చేసింది. పెద్దమ్మకి పై ప్రాణాలు పైనే పోయాయి.

"అది ఏమీ చెయ్యదక్కా" అంది చెల్లెలు నవ్వుతూ. "కుట్టేవి వేరే ఉంటాయి. కట్టెల కిందా చెత్త దగ్గరా. వాటి జోలికి పోకూడదని బళ్ళో చెప్తారు వీళ్ళకి. చూసుకుని తిరుగుతాం, అంతే."

"అంతేనా! ఎంత తేలిగ్గా అనేశావే" అంది అక్క.

ఒకరోజు పొద్దున చెల్లెలు పనికి వెళ్ళిపోయింది. పిచ్చుక పాలు తాగుతోంది. వాచ్‌మన్ మహాశయుడు అలమర వెనక నుంచి బయటికొచ్చి, గోడ మీదుగా పిల్ల కుర్చీ వైపు తీరిగ్గా దిగడం మొదలుపెట్టాడు. టైలరమ్మ ఆలోచించలేదు. చెప్పు తీసింది, ఒక్కటేసింది.

పిచ్చుక కెవ్వుమంది. పాలగ్లాసు దొర్లిపోయింది. "వాచ్‌మన్‌ని చంపేశావు! నువ్వు చెడ్డదానివి! మా ఇంట్లోంచి పో!" అని నేల మీద పడి ఏడ్చింది. బతిమాలితే వినలేదు. ఎత్తుకోబోతే గిల్లింది. వచ్చిన కాడి నుంచీ మెడ పట్టుకుని వేళ్ళాడిన పిల్ల, ఇప్పుడు తనని హంతకురాలిని చూసినట్టు చూస్తోంది. అది టైలరమ్మ తట్టుకోలేకపోయింది. అక్కడే ఆ మాట అనేసింది.

"అది నీకు కాపలా కాయట్లేదే పిచ్చిమొహమా! మీ అమ్మ కోసం కాచుక్కూచుంది. అమ్మ బూట్లో దూరేది. కాలు పెట్టగానే కుట్టేది. నాన్నలాగే అమ్మ కూడా పోయేది. అప్పుడేం చేసేదానివి?"

ఏడుపు ఠక్కున ఆగిపోయింది. పిల్ల లేచొచ్చి ఆమె ఒళ్ళో కూర్చుంది. హమ్మయ్య, దారికొచ్చిందనుకుంది ఆవిడ. ఆ మాట గురించి చెల్లెలితో అనలేదు. సాలీణ్ణి చంపానని మాత్రం చెప్పింది.

కొట్టులో టైలరమ్మకి ఒక అలవాటు ఉంది. కుట్టిన బట్టని అలా చేతికివ్వదు. రెండుసార్లు విదిలించి, తిరగేసి, చెయ్యి లోపలికి పెట్టి కుట్టు వెంబడే అరచేత్తో తడుముతుంది, ఎక్కడైనా గుండుసూది మిగిలిపోయిందేమోనని. ఇక్కడ అదే విద్యని బూట్ల మీదా, దుప్పట్ల మీదా ప్రయోగించింది. పిచ్చుక పక్కన నిలబడి చూసింది, నేర్చుకుంది. మొదట్లో ఆటే. విదిలించు, తిరగెయ్యి, తడుము. "శభాష్! నా శిష్యురాలివి" అని మెచ్చుకుంది పెద్దమ్మ. అంతటితో ఆగిందా? చీలమండల దగ్గర సందు ఉంటే పురుగు పాకుతుందని, పిల్ల ప్యాంటు అంచులకి మేజోళ్ళు కలిపి కుట్టేసింది. అంత ముచ్చటైన కుట్టు జన్మలో వెయ్యలేదు.

తర్వాత పిల్ల పెరట్లోకి వెళ్ళడం మానేసింది. కుర్చీలో కూర్చుంటే కాళ్ళు పైకి లాక్కునేది. మంచం దిగాలంటే "ముందు నువ్వు చూడు పెద్దమ్మా" అనేది. తల్లి పనికి బయల్దేరే వేళకి, ఎవరూ లేపకుండానే లేచి వచ్చి గుమ్మం దగ్గర తల్లి బూట్లు దులపడం మొదలుపెట్టింది. ఒక రోజు వాటిని గుండెకి హత్తుకుని వదల్లేదు.

"ఆసుపత్రిలో బూట్లు విప్పుతావు కదమ్మా? అక్కడ నీకు ఎవరు దులుపుతారు?"

చెల్లెలు అక్క వైపు చూసింది. టైలరమ్మ వంటింట్లోకి తప్పుకుంది.

ఆ వారంలోనే బడి నుంచి ఫోనొచ్చింది. పిల్లలందర్నీ పచ్చిక మీద కూర్చోబెట్టి కథ చెప్తుంటే, పిచ్చుక మాత్రం బెంచీ ఎక్కి దిగనందట. బాత్రూముకి పచ్చిక దాటి వెళ్ళాలి. దాటలేక అక్కడే తడిపేసుకుందట. మార్చబోతే ప్యాంటూ మేజోళ్ళూ ఒక్కటిగా కుట్టేసి ఉన్నాయి, పిల్లేమో బూట్లు విప్పనివ్వదు, ఊడిరావు. పిల్లలంతా చుట్టూ చేరి చూస్తుండగా కత్తెరతో కోసి తీశారట. చెల్లెలు పని మధ్యలో వదిలేసి పరిగెత్తి, కూతుర్ని తువ్వాలులో చుట్టుకుని ఇంటికి తెచ్చింది.

పిల్ల పడుకున్నాక అంతా బయటపడింది. టైలరమ్మ తను అన్న మాట ఉన్నదున్నట్టు చెప్పేసింది. తల ఎత్తలేకపోయింది.

"నాన్నలాగే అన్నావా?" అంది చెల్లెలు. అరవలేదు. అరిచి ఉంటే బావుండేది. "ఆయన పోయాక పూర్తిగా ఏడాది పట్టిందే, నేను గది దాటి వెళ్తే తిరిగొస్తానని దానికి నమ్మకం కుదరడానికి."

"నేనే సరిచేస్తానే. నేనే చెప్తాను" అంది అక్క.

చెప్పింది. పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని, "నేను అబద్ధం చెప్పాను తల్లీ. వాచ్‌మన్ మంచివాడే. అమ్మకేమీ కాదు" అంది. పిచ్చుక పెద్దమ్మ చెంప నిమిరింది. "నేను భయపడకూడదని అలా అంటున్నావు కదూ! నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు కూడా అందరూ ఏమీ కాదనే అన్నారు" అంది.

మాటలతో లాభం లేదని టైలరమ్మ చేతల్లోకి దిగింది. తనకీ ఒళ్ళు జలదరిస్తున్నా బిగబట్టుకుని, దులపకుండా బూట్లో కాలు పెట్టి చూపించబోయింది. పిల్ల ఆ కాలు పట్టుకుని, ఊపిరాడనంతగా వెక్కుతూ వెనక్కి లాగింది. మేనంతా చెమట. ఆ రోజంతా మెతుకు ముట్టలేదు. ముడిపడ్డ దారాన్ని విడదీయడం టైలరమ్మకి కొత్త కాదు, కానీ ఇక్కడ కొస ఎక్కడుందో దొరకలేదు. చెయ్యి పెట్టిన ప్రతిసారీ ఇంకా బిగుసుకుంది. బళ్ళో పిల్లల డాక్టరమ్మ ఒకావిడ కూడా చూసింది. మెల్లగా తగ్గుతుందంది. పిల్లకి భయం గుర్తుచేసే మనిషి కొన్నాళ్ళు ఎదురుగా లేకపోతే మంచిదని, మొహమాటపడుతూ, ఇంకో మాట కూడా అంది.

ఆ మాట అక్కకి చెప్పడానికి చెల్లెలు తల్లడిల్లిపోయింది. "కోపంతో కాదక్కా..." అని మొదలుపెట్టి ఆగిపోయింది.

"నాకు తెలుసే. పిల్ల నీది. నేనే పోతాను" అంది టైలరమ్మ.

ప్రయాణం రోజు మధ్యాహ్నం ఆవిడ పెట్టె సర్దుతోంది. ఈ ఇంట్లో ఉన్నంతసేపూ ఒక్క కన్నీటి చుక్క పడకూడదని పళ్ళు బిగించి సర్దుతోంది. పిచ్చుక బడి సంచీ నిండా గౌన్లు కుక్కుకుని వచ్చి, పెట్టె పక్కన నిలబడింది.

"పెద్దమ్మా, మీ ఊళ్ళో సాలీళ్ళు ఉంటాయా?"

ఉండకేం? ప్రతి ఇంటి మూలా ఉంటాయి. ఉంటాయంటే ఈ పసిదానికి లోకంలో కాలు మోపే చోటు మిగలదు. ఉండవంటే, పుట్టి పెరిగిన ఈ ఇంటి మీద దానికి ఇక మనసు నిలవదు. ఏం చెప్పినా కొంప మునిగేదే. చెల్లెలు గుమ్మంలో నిలబడి వింటోంది. ఆమె వైపు చూస్తే, నువ్వే చెప్పమన్నట్టు అక్కనే చూస్తోంది.

పిల్ల పెదవి వణకడం మొదలైంది. ఆ వణుకు చూసి ఆవిడ ఉండబట్టలేకపోయింది.

"ఉండవమ్మా" అంది.

ఎన్నాళ్ళ తర్వాతో పిచ్చుక మొహం విప్పారింది. తల్లి దగ్గరికి పరిగెత్తి చెయ్యి పట్టుకుని లాగింది.

"అమ్మా, నీ బట్టలు కూడా తెచ్చుకో, త్వరగా! పెద్దమ్మతో వెళ్ళిపోదాం. మనం ఇక్కడ ఉంటే నువ్వు చచ్చిపోతావు."

బయట టాక్సీ వచ్చి ఆగింది. అక్కచెల్లెళ్ళు ఇద్దరూ ఉన్నచోటే నిలబడిపోయారు. పిల్ల మాత్రం తల్లి కొంగు పట్టుకుని లాగుతూనే ఉంది.