చెవుల డబ్బా

"నువ్వు లోపలికి పోవే, పశువుల డాక్టరుగారొచ్చారు. మాట్లాడుకోవాలి" అన్నాడు మా ఆయన. మిగిలిన మూడు గేదెలకి గడ్డి వేస్తున్నాను. పోలేదు. నేను పోతే గడ్డి ఎవరు వేస్తారు, ఆయనా?

వరదకి ఐదు గేదెలు పోయాయి. తెల్లారుతుండగా పాకలోకి నీళ్ళొస్తే, మొలలోతులో నిలబడి పలుపులు కోసింది నేను. మూడింటిని వదిలేసరికి అవతలి గోడ మిగతా ఐదింటి మీద కూలింది. ఆయన మేడమెట్ల మీద నిలబడి "జాగ్రత్త, జాగ్రత్త" అని అరిచాడు. ఆ అరుపు లేకపోతే నేనే కొట్టుకుపోయేదాన్నని మా అత్త ఊరందరికీ చెప్పింది. నీళ్ళు తీశాక, చచ్చినవాటిని పూడ్చడానికి యంత్రం వచ్చింది. గోతిలోకి నెట్టకముందే కొడవలి తీసుకెళ్ళి, నంబరు బిళ్ళలతో సహా ఐదింటి చెవులూ కోశాను. ఏడుస్తూనే కోశాను. ఏడుపు చేతిపనికి అడ్డం రాదు, అలవాటైపోయింది. "రాక్షసి" అన్నాడు ఆయన. "చచ్చిన గొడ్డుకి కూడా దీని చేతిలో సుఖం లేదు" అంది అత్త. బిళ్ళ చూపించకపోతే సర్కారు సాయం రాదని పశువుల ఆసుపత్రి గోడ మీద రాసుంది. ఆ గోడ పక్కన గేదెని పట్టుకుని గంటలకొద్దీ నిలబడ్డదాన్ని నేను, చదివిందీ నేనే. చెవులకి ఉప్పు పట్టించి డబ్బాలో దాచాను.

సాయం రాగానే బండి మారుస్తానని ఆయన మా మరిదితో అంటుంటే విన్నాను. ఐదు గుంజలు ఖాళీగా ఉంటే ఈయనకి బండి కావాలట. అదేంటని అడిగితే "ఇంక నువ్వు కాస్త విశ్రాంతి తీసుకోవే" అన్నాడు. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళకి పొంగుకొచ్చింది ప్రేమ.

డాక్టరు కాగితం తీశాడు. "ఐదూ పాలిచ్చేవేనా?"

"ఐదూ పాలవే సార్" అన్నాడు మా ఆయన. పాలవాటికి ఎక్కువిస్తారని ఎవరో చెప్పుంటారు.

"ఎన్నో ఈత?"

"ఈతంటే... బాగానే ఈదేవి సార్. ఆ రోజు వరద మరీ ఎక్కువైపోయింది."

డాక్టరు నవ్వాపుకోలేక దగ్గాడు. నేను డబ్బా తెచ్చి అరుగు మీద పెట్టాను. ఒక్కో చెవీ తీసి చెప్పాను. "ఇది మూడుసార్లు ఈనింది, మూడో ఈతది, పాలిస్తోంది. ఇదీ, ఇదీ రెండో ఈతవి, పాలవే. ఇది వట్టిపోయి రెండు నెలలు. ఇది చూడిది, ఏడో నెల."

"ఏమే, నోరు ముయ్యి" అన్నాడు ఆయన పళ్ళ మధ్యనుంచి.

"అబద్ధం రాయిస్తే ఆసుపత్రి పుస్తకంలో దొరికిపోతాం. అప్పుడు పాలవాటికీ రాదు."

డాక్టరు తన పుస్తకంతో సరిచూసుకున్నాడు. అన్నీ కలిశాయి. "సూదికైనా మందుకైనా తోలుకొచ్చేది ఎప్పుడూ ఈవిడే. సాయం మేపేవాళ్ళకండీ. ఎవరి పేరు రాయను?"

"ఎవరి పేరైతే ఏంటి సార్, అంతా ఒకటే ఇల్లు" అన్నాడు మా ఆయన, తన పేరు చెప్పడానికి గొంతు సవరించుకుంటూ.

"అవును డాక్టరుగారూ, ఎవరిదైతే ఏంటి. నా పేరు రాయండి."

అత్త గుమ్మంలోంచి "అయ్యో, మగాడుండగా!" అంది. ఆయన నోరు తెరిచాడు. తన మాటే అడ్డం పడి మూసుకున్నాడు. డాక్టరు రాసేశాడు. నేను సంతకం పెట్టాను, పూర్తి పేరుతో, తొందరపడకుండా.

డాక్టరు వెళ్ళాక ఆయన పాక దగ్గర తచ్చాడాడు. "ఇంతకీ ఏం కొంటావే?"

"గేదెలు."

"మళ్ళీ అదే చాకిరీనా నీకు?"

"నాకొక్కదానికే కాదు."

ఉన్న మూడింటినీ మార్చి మార్చి చూశాడు. "వీటిల్లో ఏది ఎన్నో ఈతదో చెప్పవే" అన్నాడు.

"చెప్తాను. ముందు ఆ పేడ ఎత్తు" అన్నాను.