దీక్షకు కూర్చున్న బిడ్డ

పొద్దున్నే ఆరు గుడ్లు ఉడకబెట్టి, తెల్లసొన ఒక గిన్నెలోకి, పచ్చసొన ఇంకో గిన్నెలోకి వేరుచేయడం ఆ ఏడాది నా మొదటి పని. తెల్లది మా ఆయనకు. పచ్చదాంట్లో కొవ్వుంటుందట, ఆయనకు పనికిరాదు. "పారెయ్యకు, నువ్వూ పిల్లా తినుండ్రి" అనేవాడు, ఏదో దానం చేస్తున్నట్టు. పొయ్యి దగ్గర నిలబడే ఒకటి మింగి సెంటర్‌కు ఉరికేదాన్ని. కోరుట్లలో అంగన్‌వాడీ టీచర్‌ని నేను. పసిపిల్లలను తూకం వేస్తాను, కడుపుతో ఉన్నవాళ్లకు ఏం తినాలో చెబుతాను. ఒక్క పూట కూడా మానొద్దు, పప్పూ గుడ్డూ ఆకుకూరా తప్పకుండా ఉండాలి, ఇంట్లో అందరికంటే ముందు మీరే తినాలి అని చెప్పీ చెప్పీ నా గొంతు అరిగిపోయింది. ఇంటికొచ్చాక మాత్రం అందరూ తిని లేచిన తర్వాత గిన్నె గీరుకుని తినేదాన్ని. అందులో నాకు వింతేమీ కనిపించేది కాదు.

మా ఆయన సురేందర్ తహసీల్ ఆఫీసులో గుమాస్తా. షుగర్ వచ్చేటట్టుంది, బరువు తగ్గమని డాక్టర్ భయపెడితే జిమ్‌లో చేరాడు. అక్కడ నేర్పే ముదస్సిర్ మంచివాడు. "తిండి బంద్ చేస్త అనకు అన్నా. తక్కువ చెయ్, గంతే. మొత్తం బంద్ చేస్తే కొవ్వు కంటే ముందు కండ పోతది" అని మా గుమ్మంలో నిలబడే చెప్పి వెళ్లాడు. ఆ మాట ప్రకారం కొలిచి వండింది నేను. ఆయనకు మొలకలు, నూనె తగలని చికెన్, పిడికెడు అన్నం. మా అత్త బాలవ్వకు మెత్తటి అన్నం. మిగిలినవాళ్లకు మామూలు వంట. ఆయన పొట్ట కరిగింది, అంగీలు వదులయ్యాయి. అంతలో సకల జనుల సమ్మె మొదలైంది. ఆఫీసు మూసేసి ఆయనా అందరితోపాటు ఆఫీసు ముందరి టెంటులో రిలే దీక్షకు కూర్చున్నాడు. ఆ వదులు అంగీ చూసి "సురేందరన్న తెలంగాణ కోసం ఎండిపోయిండు" అని దండలు వేశారు. నాకు నవ్వాగలేదు. జిమ్ సంగతి చెప్పలేదా అని అడిగితే, "ఉద్యమానికి మంచిదే కదనే" అన్నాడు. ఆ దండలు తెచ్చి గోడకు వేలాడదీసింది కూడా నేనే.

మా మనీషా అప్పుడు ఇంటర్ చదువుతోంది. కాలేజీ బంద్. పిల్ల కాస్త బొద్దుగా ఉండేది. "ఆడివిల్లకు గా బుగ్గలేందే, బియ్యం బస్తా లెక్క" అనేది మా అత్త, అన్నం ముందు కూర్చున్నప్పుడే. "నా లెక్క కంట్రోల్ ఉండాలె బిడ్డా" అని ఆయన నవ్వేవాడు. సమ్మెకు ముందునుంచే పిల్ల పళ్లెంలో అన్నం తగ్గుతూ వచ్చింది. మహిళలు దీక్షకు కూర్చున్న రోజు మనీషా కూడా వెళ్లింది. సాయంత్రం నిమ్మరసం ఇచ్చి విరమింపజేశారు, మెడలో దండ వేశారు, పేపర్లో ఫోటో వచ్చింది. రిలే అంటే ఇవాళ కూర్చున్నవాళ్లు రేపు లేచి వేరేవాళ్లకు చోటివ్వాలి. కానీ రోజూ ఎవరో ఒకరు రాకుండా పోయేవాళ్లు, వాళ్ల బదులు మనీషా కూర్చునేది. ఇంటికి పోయి తింటుందిలే అని టెంటులో వాళ్లు అనుకున్నారు. "పండ్లు పెట్టిండ్రు, తిన్న" అని మాతో చెప్పేది, మేమూ నమ్మాం. మధ్యలో పిల్ల ఏం తింటోందో ఎవరికీ తెలియలేదు.

ఎండలో కూడా దుప్పటి కప్పుకునేది. దువ్వెన నిండా వెంట్రుకలు. గాజులు మోచేతి దాకా జారేవి. నెలసరి రాలేదేమని అడిగితే "టెన్షన్ అమ్మా" అంది.  సాయం చేద్దువు రమ్మని సెంటర్‌కు తీసుకుపోయి బరువు మిషన్ ఎక్కించాను. ముల్లు ముప్పై ఆరు కిలోల దగ్గర ఆగింది. మిషన్ చెడిపోయిందేమోనని నేనెక్కి చూశాను. చెడిపోలేదు. ఆ రాత్రే ఆయనతో చెప్పాను. జగిత్యాల తీసుకుపోయి డాక్టర్‌కు చూపిద్దామంటే ఆయన ఒప్పుకోలేదు. "బస్సులేడివి? రోడ్డు మీద కూసున్నది మనోళ్లేనాయె. సన్నగైతే మంచిదే కదా, నీ అంగన్‌వాడీ ముచ్చట్లు ఇంట్ల చెప్పకు."

అన్నం, పప్పు, గుడ్డు పెట్టి మనీషా ముందు కూర్చున్నాను. పళ్లెం పక్కకు జరిపింది.

"బాపు తగ్గితే దండలేసిండ్రు. నేను తగ్గితే ఏడుస్తవేందమ్మా?"

"బాపు తినుకుంట తగ్గిండు బిడ్డా. నువ్వు తినకుంట తగ్గుతున్నవ్. గుండె కూడ కండనే, అదీ కరుగుతది."

ఆమె నా మొహం చూసింది. కోపంగా కాదు, జాలిగా.

"నువ్వెన్నడన్న తిన్నవా అమ్మా? పళ్లెం ముందటేసుకొని నువ్వు కూసున్నది నేను పుట్టినకాడికెల్లి సూడలే. నేను నీ లెక్కనే ఉంటున్న."

 నేను వండిన తిండితో ఆయన బాగుపడ్డాడు, నేను మానేసిన తిండి చూసి నా బిడ్డ నేర్చుకుంది.

మర్నాడు ఆయన సంబరంగా ఇంటికొచ్చాడు. రేపటినుంచి యువతీయువకులు రిలే కాదు, ఆమరణ దీక్షకే కూర్చుంటున్నారట. "మన మనీషా పేరు అందరికంటె ముందు ఇచ్చిన" అన్నాడు. మా అత్త చేతులు జోడించి దేవుడి ఫోటోకు మొక్కింది. మనీషా నవ్వింది. ఆ నవ్వులో పళ్లు పెద్దవిగా కనిపించాయి. నేను అరవలేదు, ఏడవలేదు. ఎవరి కాళ్లూ పట్టుకోలేదు.

మర్నాడు అన్నం, పప్పు వండి టిఫిన్‌లో సర్దుకుని టెంటుకు వెళ్లాను. మైకులో పాట నడుస్తోంది. మెడలో దండతో, దుప్పటి కప్పుకుని కూర్చుంది నా బిడ్డ. ఆడవాళ్లు జరిగి చోటిచ్చారు. ఆమె పక్కన బాసింపట్లు వేసుకుని కూర్చుని మూత తీశాను. పప్పు వాసనకు ఒక్కొక్కరే ఇటు తిరిగారు. మైకు ఆగిపోయింది.

ఆయన ఉరికొచ్చాడు. "ఏందే గిది? దీక్షల అన్నం ముడుతరా? ఇజ్జత్ తీస్తున్నవ్!"

"తెలంగాణ రావాలె" అన్నాను. "అచ్చిన్నాడు సూడనీకి నా బిడ్డ ఉండాలె."

ఎవరో ద్రోహి అన్నారు. ఇంకెవరో నా చెయ్యి పట్టి లేపబోయారు. ఇవాళ ఇంటికి పోతే ఆయన ఊరుకోడని తెలుసు. అన్నం కలిపి మొదటి ముద్ద నా నోట్లోనే పెట్టుకున్నాను, అంతమంది ముందు, కూర్చుని. మనీషా బెదిరిపోయి వాళ్ల నాన్న మొహం వెతుకుతోంది.

"బాపు దిక్కు సూడకు బిడ్డా. నా దిక్కు సూడు. నేను తింటున్న."