పల్లెత్తు మాట

టైలరమ్మ నోట్లో నాలుక లేని మనిషని వీధి వీధంతా మెచ్చుకునేది. మెచ్చుకోరూ మరి! తప్పు కొలతలిచ్చి, చొక్కా బిగుతైందని మీదపడేవాళ్ళని గానీ, ఇంట్లో మొగుడు మేష్టార్ని గానీ ఆమె ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని అన్నీ పంటి బిగువున భరించింది. ఆ బిగువే కొంప ముంచింది.

ఆ పొద్దున మేష్టారు కుట్టుమిషను అమ్మేస్తున్నానన్నారు. దాని చప్పుడు పడటం లేదట. రేపే మనిషొచ్చి పట్టుకెళ్తాడట. దానికీ ఆమె పళ్ళు బిగించి ఊరుకుంది.

ఆ మధ్యాహ్నమే పన్ను నొప్పని ఇద్దరూ వెళ్తే, పళ్ళ డాక్టరు ఆమె నోట్లో అద్దం పెట్టి చూశాడు. ఎడమవైపు దవడపళ్ళు ఎప్పుడో పీకించేశారు. కుడివైపు నమలడానికి మిగిలింది ఒక్కటే. దానికీ నిలువునా పగులు.

"రాత్రుళ్ళు పళ్ళు కొరుకుతారామ్మా?"

"అబ్బో! పక్కన నాకు నిద్రుంటే ఒట్టు," అన్నారు మేష్టారు. ఆయన బళ్ళో రిటైరయ్యారు గానీ ఇంట్లో ఇంకా అవలేదు.

"సిమెంటు పెడితే ఆగదా డాక్టరుగారూ?" నెమ్మదిగా అడిగింది టైలరమ్మ.

"పన్నుకి గోడలే మిగల్లేదమ్మా, దేన్ని పట్టుకుని ఆగుతుంది? వేరు శుభ్రం చేసి, పైన తొడుగు వెయ్యాలి. పగులు వేరుదాకా దిగలేదు కాబట్టి ఇంకా ఆశుంది. దిగిందా, పీకెయ్యడమే. దవడ ఎముక అరిగిపోయింది, కొత్త పన్ను నాటడానికీ వీల్లేదు."

"అయితే తొడుగే వెయ్యండి."

"వచ్చే వారం మొదలుపెడదాం. అందాకా పళ్ళు బిగించకండి. మనసులో ఏదైనా ఉంటే నోరు తెరిచి చెప్పెయ్యండమ్మా."

ఆమెకి ఏడుపు ముంచుకొచ్చింది. నీ మనసులో ఏముందని ఇన్నేళ్ళలో అడిగినవాడు ఈ డాక్టరొక్కడే. ఆ ఒక్క పన్నూ నిలిస్తే చాలు, చచ్చేదాకా జావ తాగి బతికే ఖర్మ తప్పుతుంది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని మాటలు కూడదీసుకుంది. ఎదురు చెప్పడం కాదు, అడగడమేగా అనుకుంది.

"ఏవండీ, ఆ మిషను..."

"నోరు మూసుకో. నోటికి రెస్టివ్వమన్నాడుగా డాక్టరు!"

అయ్యో, డాక్టరు అన్నది అది కాదు! ఆ ముక్క చెబుదామని నోరు తెరిచింది. ఆయన చూపు చూసి మూసేసింది. దవడలు వాటంతటవే బిగుసుకున్నాయి.

కటుక్కుమంది.

"ఏంటా చప్పుడు?"

"ఏం లేదండి," అంది టైలరమ్మ.

నాలుకతో తడిమి చూసుకుంది. పన్ను రెండు ముక్కలై, దేనికది కదులుతోంది.