మూసుకున్న పెదాలు

ఫిల్మ్ నగర్ డబ్బింగ్ థియేటర్‌లో శారదాదేవి చెప్పిన మొదటి టేకే ఓకే అయిపోయింది. తెరమీద సిద్దిపేట అమ్మగా నటించింది ముంబై నటి, గొంతు శారదాదేవిది. "నాన్నా, ఎప్పుడొచ్చినవ్?" అన్నది డైలాగు. పని నేర్చుకోవడానికి వచ్చి వెనక కూర్చున్న స్టెఫీకి అందులో వంక పెట్టడానికేమీ కనిపించలేదు. బ్యాగు భుజాన వేసుకుని లేచింది.

శారదాదేవి మాత్రం మైకు ముందు నుంచి కదల్లేదు. "కొడుకుని నాన్నా అని పిలిచేది మా గుంటూరు వైపండీ. ఈ అమ్మయితే బిడ్డా అంటుంది."

"లిప్ కలవదేమో మేడం," అన్నాడు డైరెక్టర్.

"ఇప్పుడు మాత్రం ఎక్కడ కలిసింది? ఆవిడ షూటింగ్‌లో బేటా అనేసింది. బ దగ్గర పెదాలు మూసుకున్నాయి, చూడండి. నా అంటే మూసుకోవు."

నిజమే. తనూ ఇప్పుడే చూసిన షాటే, తన కళ్ళేమయ్యాయని స్టెఫీకి తన మీద తనకే ఒళ్ళు మండింది. ఇంత పేరున్న మనిషి ఎర్రగడ్డ రైతుబజారుకి రోజూ కూరలకి కాదు, మాటలు వినడానికి వెళ్తుందని ఎవరో చెబితే నమ్మలేదు కూడా.

"బిడ్డా, ఎప్పుడొచ్చినవ్?"

ఈసారి మాట పెదాలకి అతుక్కుపోయింది. సౌండ్ ఇంజినీర్ మల్లేశం హెడ్‌ఫోన్స్ తీసి, "మా అమ్మ గిట్లనే పిలుస్తది మేడం," అన్నాడు మెల్లగా.

అంతకన్నా పెద్ద మెప్పు ఇంకేముంటుంది? ఇంకొకరైతే మురిసిపోయి ఇంటికెళ్ళేవారు. స్టెఫీ బ్యాగు దించేసి దగ్గరికి జరిగింది. శారదాదేవి అప్పటికే అతని పక్కకి కుర్చీ లాక్కుని అడుగుతోంది:

"మరి కోపమొస్తే ఏమని పిలుస్తుందయ్యా?"