కొర్రమీను పేగు పొడవు

నేను ఒక ఉక్కు స్కేలును. ముప్పై సెంటీమీటర్ల పొడవు, ఒంటి నిండా గీతలు. ఏదో కార్ఖానాలో నన్ను కోసి, గీతలు చెక్కి, ఒక విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్ర విభాగానికి పంపారు. బట్టల కొట్లో పట్టు పరికిణీలు కొలిచే అదృష్టం నాకెక్కడిది! నా నొసట చేప పేగులు రాసిపెట్టి ఉన్నాయి.

ముగ్గురు నలుగురు పరిశోధకుల చేతులు మారి చివరికి హేమలత దగ్గరికి వచ్చాను. ఆమెది ఓపికైన చెయ్యి. కొర్రమీనుకూ, దాని చుట్టమైన బురదమట్టకూ జీర్ణావయవాల్లో తేడా ఏమిటో తేల్చడం ఆమె పని. రెండూ మంచినీటి చేపలే, రెండూ చిన్న చేపల్నీ రొయ్యల్నీ మింగి బతికేవే. చేపను మైనపు ట్రేలో పడుకోబెట్టి, పొట్ట కోసి, పేగు సాగకుండా నా పక్కన పరిచేది. నాలుగేళ్ళలో రెండు వందల నలభై చేపలు. ఒంటి పొడవుతో పోలిస్తే కొర్రమీను పేగు బాగా పొట్టిదని తేలింది. దాని జీర్ణాశయం ఎప్పుడు కోసినా ఖాళీయే. మితంగా తినే జాతి అని హేమలత రాసుకుంది. నేనూ నమ్మాను, మనుషుల సావాసం మరి.

థీసిస్ టైపయ్యాక, కృతజ్ఞతల పేజీలో వేయడానికి కొర్రమీను అమ్మే బలుసమ్మ ఇంటిపేరు అడుగుదామని చేపల బజారుకు వెళ్ళింది. నేను ఆమె సంచిలోనే ఉన్నాను. బలుసమ్మ మురిసిపోయి తన తొట్టి చూపించింది.

"నీకోసం మంచియి ఏరి పదిరోజుల ముందే పక్కనెడతానమ్మా. గాలి మింగి బతికేత్తాయి, చావవు."

"మరి వీటికి తిండి?"

"తిండెందుకమ్మా? తింటే రొచ్చు చేత్తాయి, నీళ్ళు కంపు కొడతాయి. మాడిత్తేనే తొట్టి శుభ్రంగా ఉంటది."

హేమలతకు సంగతి అర్థమైంది. బురదమట్టలు వలలోంచి అదే పూట వచ్చేవి, కడుపు నిండా రొయ్య పిల్లలతో. పస్తులుంటే పేగు కుంచించుకుపోతుంది. ఇన్నేళ్ళూ ఆమె మాడిన చేపనూ తిన్న చేపనూ పక్కపక్కన పెట్టి, అది జాతి తేడా అనుకుంది.

మళ్ళీ మొదలుపెడితే రెండేళ్ళు. లెక్చరర్ ఉద్యోగానికి వయసు ఆ ఏడాదితో దాటిపోతుంది, డాక్టరేటు లేకపోతే పిలుపే రాదు. గైడు జోగారావు గారికి అంతా చెప్పి ఏడ్చింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ విన్నారు.

"పేగు ఎంతుందో అంతే రాశావు కదమ్మా. ఇందులో అబద్ధమేముంది?"

హేమలత థీసిస్ అలాగే ఇచ్చేసింది. కృతజ్ఞతల పేజీలోంచి బలుసమ్మ పేరు మాత్రం తీసేసింది. నాకు ఒళ్ళు మండింది, కానీ నోరేది?

ఇప్పుడామె లెక్చరర్. నేను ఆమె కాలేజీ ల్యాబులో ఉన్నాను. ఆమె కొలతలు పాఠ్యపుస్తకంలోకి ఎక్కాయి. మొన్న నీలవేణి అనే విద్యార్థిని, తండ్రి ఆ పొద్దునే కాలవలో పట్టిన కొర్రమీనును తెచ్చి కోసింది. పుస్తకం ప్రకారం అంత చేపకు పేగు పద్నాలుగు సెంటీమీటర్లు ఉండాలి. నా పక్కన పరిస్తే ఇరవై వచ్చింది. నీలవేణి అదే రాసి మేడమ్‌కు చూపించింది.

హేమలత ఆ అంకెను చాలాసేపు చూసింది. తర్వాత ఎర్ర కలంతో కొట్టేసింది.

"లాగి కొలిచావు. పద్నాలుగు రావాలి. మళ్ళీ రాయి."

నీలవేణి పేగు వైపు చూసింది, నా గీతల వైపు చూసింది. తల వంచుకుని పద్నాలుగు అని రాసింది.