మోచేతి దాకా కళాయి

అల్లూరు దాటి సముద్రం వైపు పోతే ఒక చిన్న ఊరుంది. ఆ ఊళ్ళో ఎవరి ముక్కుపుడక మంచినీళ్ళ గుంటలో జారిపోయినా బడేబీని పిలుచుకొస్తారు. ఆమె బిస్మిల్లా అనుకుని కుడిచెయ్యి నీళ్ళలో పెడుతుంది. ముక్కుపుడక కోడిపిల్లలాగా వచ్చి అరచేతికి అతుక్కుంటుంది. అంతే. చెయ్యి తుడుచుకుని, ఇంటికి పోయి పప్పు తాలింపు వేసుకుంటుంది. దేవుడు ఒకరికి గొంతు ఇస్తాడు, ఆమెకేమో ఆ చెయ్యి ఇచ్చినాడు.

ఆమె భర్త అమీర్ బాషా నలభై ఏళ్ళుగా ఆ గుంట గట్టు మీదే షెడ్డు వేసుకుని, తగరం కరిగించి ఇత్తడి గిన్నెలకి కళాయి పూస్తున్నాడు. ఈ ఏడు బడిపిల్లల తాగునీటికని, సరిగ్గా ఆయన షెడ్డున్న గట్టు కిందనే, గుంటలో బావి తవ్వాలనుకున్నారు ఊరోళ్ళు. అక్కడి నీళ్ళు, బురద పరీక్ష చెయ్యడానికి నెల్లూరు ఆఫీసు నుంచి రేవతి అనే అమ్మాయి వచ్చింది. రాగానే గాజులు, ఉంగరం, కమ్మలు తీసి జీపులో పెట్టేసింది.

"ఏందమ్మాయ్, మా ఊళ్ళో దొంగలున్నారనా?"

"కాదవ్వా! నా ఒంటి మీది లోహం రవ్వంత కలిసినా లెక్క తప్పుతుంది."

"అయితే నన్ను మాత్రం దగ్గరికి రానీవాకు," అని బడేబీ పకపకా నవ్వింది.

రేవతి సీసాలు నింపింది. గుంట నడుమ నుంచి ప్లాస్టిక్ గరిటెతో బురద తీసింది. చివరికి బాషాని అడిగింది: "ఈ గట్టు కింద ఎప్పుడన్నా ఏమన్నా పారబోసినారా? నీళ్ళు తేటగానే ఉంటాయి. సీసం లాంటివి బురదలో దాక్కుంటాయి. బావి తవ్వితే పైకి లేస్తాయి. పిల్లల బుర్రకి చేటు."

"ఏమీ లేదమ్మా," అన్నాడు బాషా, కొలిమి వైపు చూస్తూ.

అది అబద్ధమని బడేబీకి తెలుసు. తగరం దొరకని రోజుల్లో ఆయన సీసం కలిపినాడు. అందరూ కలిపేవాళ్ళే, చేటని ఎవరికి తెలుసు? బూడిద, కడుగునీళ్ళు అన్నీ ఇక్కడే పోసినాడు. చెబితే షెడ్డు మూయిస్తారు. కొలిమి లేని బాషాని ఆమె ఊహించుకోలేకపోయింది. కానీ పైవాడి చూపుకి బురద అడ్డమా?

చీర ఎగదోపి నీళ్ళలోకి దిగింది.

"వద్దే! పైకి రా!" అని బాషా అరిచినాడు.

ఎన్నడూ నీళ్ళు దాటి పోని ఆ చేతిని మోచేతి దాకా బురదలోకి దించింది. బయటికి తీస్తే, బురద జారిపోయిన చోటల్లా ఇప్పుడే కొలిమి దిగిన గిన్నెలాగా తళతళమంది.

రేవతి సంచి విప్పుతూ, "సరిగ్గా అక్కడేనా అవ్వా?" అని మాత్రం అడిగింది.

బాషా మెల్లగా దిగి వచ్చినాడు. భార్య చెయ్యి పట్టుకుని బొటనవేలితో రుద్ది చూసినాడు. "ఇది నా పూతే. సీసం పాలు ఎక్కువైంది," అన్నాడు. తరవాత గరిటె తనే అందుకున్నాడు. "అదిగో, ఆ రాయి దాకా పోసినాను తల్లీ. పద, చూపిస్తా."

బావి అవతలి గట్టుకి మారింది. షెడ్డు మూతబడింది. బాషా ఇప్పుడు రేవతి జీపులో కోవూరు, బిట్రగుంట తిరుగుతూ పాత కళాయివాళ్ళు ఎక్కడెక్కడ గిన్నెలు కడిగినారో చూపిస్తున్నాడు.

బడేబీ చేతి పూత మాత్రం చింతపండుకీ పోలేదు, బూడిదకీ పోలేదు. ఆ చేత్తో అన్నం ముట్టుకోవద్దని రేవతి గట్టిగా చెప్పింది. అందుకని పూటపూటా బాషాయే కలిపి ముద్దలు పెడుతున్నాడు.

"నా వల్లే గదా నీకిట్లా," అన్నాడొకనాడు, తల దించుకుని.

"నలభై ఏళ్ళు ఊరోళ్ళ గిన్నెలకి పూసినావు," అందామె నోరు తెరుస్తూ. "నా దగ్గరికి రావడానికి ఇప్పటికి తీరిందా నీకు? ఊఁ, పప్పు ఇంకొంచెం కలుపు."